నాలుగో రోజు ఆగిపోయే సర్వర్

ప్రశ్న: జిల్లాల్లోని రక్తపరీక్ష కేంద్రాల నుంచి వచ్చే నివేదికలను అందుకుని రోగుల ఫోన్లకు పంపే ఒక సర్వర్‌ను నేను చూసుకుంటున్నాను. కేంద్రాలు నివేదికలను జీజిప్‌తో కుదించి పంపుతాయి. సర్వర్ జావా 11లో రాసినది, లైనక్స్ మీద నడుస్తుంది. యంత్రానికి 4 జీబీ మెమరీ, 4 కోర్లు ఉన్నాయి. జావా తన వస్తువులను ఉంచుకునే మెమరీ అయిన హీప్‌కు గరిష్ఠ పరిమితి 2 జీబీ పెట్టాం. మొదలైనప్పుడు 1.1 జీబీ వాడే ప్రాసెస్ నాలుగో రోజుకు 3.6 జీబీకి చేరి ఆగిపోతోంది. ఆరు నెలల క్రితం పది రోజులు నిలిచేది. లాగ్‌లో ఏ తప్పూ కనిపించదు. హీప్ డంప్, అంటే ఆ క్షణంలో హీప్‌లో ఉన్నవాటి నకలు, తీసి ఎక్లిప్స్ మ్యాట్ అనే విశ్లేషణ సాధనంలో చూస్తే 600 ఎంబీ కూడా లేదు. కోడ్‌లో వస్తువులను దాచుకునే మ్యాపులన్నీ మూడుసార్లు చదివాను. రోజూ తెల్లవారుజామున రీస్టార్ట్ అయ్యేలా పెట్టేయమని మా సీనియర్ అంటున్నారు. అది సరైనదేనా? నేను ఎక్కడ వెతకాలి? ఇంకొక్క సంగతి. రాత్రి కేంద్రాలు మూసి ఉన్నప్పుడు కూడా మెమరీ పెరుగుతూనే ఉంటుంది. కొన్ని కేంద్రాల్లో ఇంటర్నెట్ తరచూ తెగిపోతుంది. అలాంటప్పుడు అక్కడి యంత్రం ప్రతి 15 సెకన్లకు అదే నివేదికను మళ్లీ పంపుతుంది.

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం "ఇంకొక్క సంగతి" అంటూ మీరు చివర చేర్చిన వాక్యాల్లో ఉంది. అక్కడికి వస్తాను. ముందు మీ సీనియర్ గారి సలహా గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఈ రాత్రికి మీరు చేయాల్సింది అదే.

రీస్టార్ట్ పెట్టండి. అది చేతకానితనం కాదు. ఏకబిగిన నడిచే ప్రోగ్రాములు వయసు మీరినట్టు క్రమంగా క్షీణిస్తాయనీ, అవి కూలే దాకా చూస్తూ కూర్చోకుండా రద్దీ లేని వేళ మనమే ఆపి మొదలుపెడితే నష్టం తగ్గుతుందనీ బెల్ ల్యాబ్స్ పరిశోధకులు 1995లోనే లెక్కలు కట్టి చూపారు. మీ సర్వర్‌కు అవతల రక్తపరీక్ష ఫలితం కోసం ఫోను వంక చూస్తున్న మనిషి ఉన్నారు. మీరు కారణం కనుక్కునే దాకా వారు ఆగనక్కరలేదు.

కానీ ఒక షరతు ఉంది. రీస్టార్ట్ అయిన క్షణంలో సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. నాలుగు రోజులపాటు పేరుకున్నదే మీకు కావలసిన ఆధారం. దాన్ని ఒక్కసారి కూడా పరిశీలించకుండా ప్రతి ఉదయం కడిగేసుకుంటే జబ్బు ఉన్నట్టే మరచిపోతారు. అందుకని ఆపే ముందు ఐదు నిమిషాలు సాక్ష్యం తీయండి, ఆ తర్వాతే ఆపండి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒకచోట బస్సు టికెట్లు అమ్మే సర్వర్ ఉండేది. రోజూ తెల్లవారుజామున 3 గంటలకు రీస్టార్ట్ అయ్యేది. ఆ ఏర్పాటు ఎవరు చేశారో, ఎందుకు చేశారో అడిగినవారు లేరు. ఎనిమిది నెలలు సాఫీగా గడిచాయి. సంక్రాంతి ముందు వారంలో రద్దీ మూడింతలైంది. తెల్లవారుజాము దాకా సరిపోవాల్సిన మెమరీ సాయంత్రం 7 గంటలకే అయిపోయింది, సరిగ్గా జనం ఊళ్లకు టికెట్లు కొనుక్కునే వేళకు. వెనక్కి తిరిగి చూసుకుంటే మా చేతిలో ఏమీ లేదు. ఎనిమిది నెలల్లో ఒక్క డంప్ తీయలేదు, ఒక్క గ్రాఫ్ దాచుకోలేదు. ఆ వారమంతా వంతులవారీగా మేలుకుని గంటగంటకూ చేత్తో రీస్టార్ట్ చేశాం. డబ్బు కట్టీ టికెట్ అందనివాళ్లు రాసిన ఫిర్యాదులు నేనే చదివాను. వాటిలో కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి.

మీ సర్వర్‌దీ అదే దారి. పది రోజులు నాలుగు రోజులయ్యాయి. కేంద్రాలు పెరిగినకొద్దీ ఆ నాలుగు రెండవుతుంది, తర్వాత ఒకటవుతుంది.

ఇక వెతకడం గురించి. ఇలా మెమరీ పెరుగుతూ పోవడాన్ని 'లీక్' అంటారు. ఆ మాటే మనల్ని సగం తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాట వినగానే చిల్లుకుండ గుర్తొస్తుంది, లోపలున్నది బయటికి కారిపోతున్నట్టు ఉంటుంది. జరిగేది అందుకు తలకిందులు. బయటికి పోవలసినది పోకుండా లోపలే ఉండిపోతుంది. ఇంట్లో అటక ఉంటుంది చూడండి, అలాంటిది. ఎప్పుడైనా పనికొస్తుందని పైకి ఎక్కించినవన్నీ అక్కడే ఉంటాయి, దించేవారు ఉండరు. ఏ వస్తువుకు ఆ వస్తువు చిన్నదే. అందుకే "చిల్లు ఎక్కడుంది?" అని వెతికితే దొరకదు. ఎక్కించింది ఎవరు, దించాల్సిన బాధ్యత ఎవరిది, ఆ దించే పని ఏ సందర్భంలో జరగడం లేదు అని అడగాలి. వాడకం అయిపోయిన వస్తువులను తానే ఏరిపారేసే గార్బేజ్ కలెక్టర్ ఉన్న భాష కదా అనే ధీమా కూడా వద్దు. ఎవరో ఒకరు పట్టుకుని ఉన్న వస్తువును అది ముట్టుకోదు.

చిన్న వస్తువులే ఎంత పని చేయగలవో తెలియాలంటే లండన్ అంబులెన్స్ సర్వీస్ ఉదంతం చూడండి. 1992 అక్టోబరు చివర అక్కడ అంబులెన్సులను పంపే పనిని కొత్త కంప్యూటర్ వ్యవస్థకు అప్పగించారు. నవంబరు 4న తెల్లవారుజామున 2 గంటలు దాటాక ఆ వ్యవస్థ నెమ్మదించి, చివరికి పూర్తిగా స్తంభించింది. సిబ్బంది మళ్లీ కాగితాల మీదికి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత విచారణలో తేలిన కారణం ఇది: దాదాపు మూడు వారాల ముందు ఒక ప్రోగ్రామర్ పని చేస్తూ చిన్న కోడ్ ముక్కను అందులో వదిలేశారు. ఒక్కో వాహనాన్ని పంపినప్పుడల్లా అది ఫైల్ సర్వర్‌లో కాస్త మెమరీ తీసుకుని తిరిగి ఇచ్చేది కాదు. ఏ ఒక్క రోజూ ఎవరికీ తేడా తెలియలేదు. మూడు వారాలు కలిసి మొత్తం మెమరీని తినేశాయి. ఆదుకోవాల్సిన ప్రత్యామ్నాయ సర్వర్ ఏర్పాటును అప్పటికి పూర్తిగా పరీక్షించనే లేదు.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాం. మీ ఉత్తరంలోనే సగం సమాధానం ఉంది.

లాగ్‌లో తప్పు కనిపించడం లేదన్నారు. హీప్ నిండిపోతే జావా ఊరుకోదు, మెమరీ చాలలేదనే ఎర్రర్‌ను విసురుతుంది. అదేమీ లేకుండా ప్రాసెస్ ఉన్నట్టుండి మాయమైందంటే దాన్ని ఆపింది జావా కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నల్. యంత్రంలో మెమరీ పూర్తిగా అడుగంటినప్పుడు కెర్నల్ ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపేస్తుంది. మీ అప్లికేషన్ లాగ్ కాకుండా కెర్నల్ లాగ్ తెరిచి చూడండి. చంపిన సమయం, ప్రాసెస్ పేరు, అప్పటికి అది ఎంత మెమరీ పట్టుకుని ఉందో ఒకే వరుసలో ఉంటాయి. కంటైనర్లు వాడేవారికి ఇదే సంగతి 137 అనే ముగింపు సంఖ్యగా కనిపిస్తుంది. 128కి, బలవంతంగా ఆపే సిగ్నల్ సంఖ్య 9ని కలిపితే వచ్చేది అది.

తర్వాత కూడిక. హీప్ ఎంత పెరిగినా 2 జీబీ దాటలేదు, అంటే 2,048 ఎంబీ. మీ సర్వర్‌లో 200 థ్రెడ్లు, అంటే ఏకకాలంలో నడిచే పనుల వరుసలు, ఉన్నాయనుకుందాం. ఒక్కోదాని సొంత మెమరీ అయిన స్టాక్‌కు గరిష్ఠంగా 1 ఎంబీ చొప్పున 200. క్లాసుల, అంటే వస్తువుల రకాల, సమాచారం ఉండే మెటాస్పేస్‌కు 150 వేయండి. జావా అక్కడికక్కడ తయారు చేసుకునే యంత్రభాష ఉండే కోడ్ క్యాష్‌కు మామూలు పరిమితి 240. గార్బేజ్ కలెక్టర్ సొంత పద్దులకు ఇంకో 150. ఉదారంగా వేసుకున్నా అన్నీ కలిపి 2,800 ఎంబీ దాటడం లేదు. మీ ప్రాసెస్ పట్టుకున్నది 3.6 జీబీ. ఎటు చూసినా 800 ఎంబీకి పైగా లెక్క దొరకడం లేదు. పైగా మీ డంప్‌లో నిజంగా బతికి ఉన్న వస్తువులు 600 ఎంబీ లోపే. అంటే మీరు వెతుకుతున్న సామాను హీప్‌లో లేదు. మూడుసార్లు చదివిన మ్యాపులను నాలుగోసారి చదవకండి.

ఇదే ఉత్తరాన్ని హీప్ నిజంగా నిండిపోతున్నవారు రాసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. వారి కోసం నాలుగు మాటలు. గ్రాఫ్‌లో రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా కనిపించే గీతలో శిఖరాలను పట్టించుకోవద్దు. గార్బేజ్ కలెక్టర్ పూర్తి శుభ్రత చేసిన తర్వాత గీత ఎక్కడికి దిగుతోందో, ఆ అడుగు గీత రోజురోజుకూ పైకి జరుగుతోందో చూడాలి. ఒక్క డంప్ వల్ల ఉపయోగం తక్కువ. ఏది పెద్దదో తెలుస్తుంది గానీ ఏది పెరుగుతోందో తెలియదు. కొన్ని గంటల తేడాతో రెండు తీసి పోల్చాలి. అసలు సర్వర్ మీద కాక, విడిగా ఉంచిన పరీక్ష యంత్రం మీద చేసేటప్పుడు నేను వాడే కిటుకు ఒకటుంది. ఒకే రకం అభ్యర్థనను సరిగ్గా 1,009 సార్లు పంపుతాను. అది ప్రధాన సంఖ్య, ఊరికే తారసపడేది కాదు. తర్వాత డంప్‌లో ఏ క్లాసు వస్తువులు 1,009 గానీ, 2,018 గానీ అదనంగా కనిపిస్తే దొంగ దొరికినట్టే. పైథాన్ వాడేవారికి 3.4 వెర్షన్ నుంచి ట్రేస్‌మాలాక్ అనే సాధనం భాషతోపాటే వస్తోంది. రెండు క్షణాల మధ్య తేడాను, కోడ్‌లో ఆ మెమరీ కోరిన వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది.

మళ్లీ మీ దగ్గరికి వద్దాం. హీప్ బయట జరిగేది చూడటానికి జావాలోనే నేటివ్ మెమరీ ట్రాకింగ్ అనే సదుపాయం ఉంది. సర్వర్ మొదలుపెట్టేటప్పుడే ఆన్ చేయాలి. వేగం 5 నుంచి 10 శాతం తగ్గవచ్చు, ఈ నాలుగు రోజులకు భరించండి. మొదలైన గంట తర్వాత జేసీఎండీ ఆదేశంతో ఒక ఆనవాలు గుర్తు పెట్టించి, తర్వాత రోజుకు రెండుసార్లు తేడా అడగండి. థ్రెడ్లు పెరుగుతున్నాయా, మెటాస్పేస్ పెరుగుతోందా, హీప్ బయట తీసుకునే డైరెక్ట్ బఫర్లు పెరుగుతున్నాయా అనేది తేటతెల్లంగా చెబుతుంది. జావా 11లో డైరెక్ట్ బఫర్లు 'అదర్' అనే పద్దు కింద వస్తాయి, ఆ పేరు చూసి తీసిపారేయకండి.

ఈ సాధనానికి ఒక హద్దు ఉంది, మీ విషయంలో ఆ హద్దే కీలకం కావచ్చు. జావా యంత్రం, అంటే జావా ప్రోగ్రాములను నడిపే పొర, తాను స్వయంగా తీసుకున్న మెమరీనే అది లెక్కపెడుతుంది. జావా ప్రామాణిక లైబ్రరీల అడుగున సీ భాషలో రాసి ఉండే కోడ్ నేరుగా తీసుకున్న మెమరీ, బయటి లైబ్రరీలు తీసుకున్న మెమరీ దాని పద్దుల్లోకి రావు. కాబట్టి రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి. ఒకటి, ప్రాసెస్ నిజంగా పట్టుకున్న మెమరీ, అంటే లైనక్స్ చూపే ఆర్‌ఎస్‌ఎస్. రెండోది, ట్రాకింగ్ చూపే మొత్తం. ఆ రెండింటి మధ్య దూరం రోజురోజుకూ పెరుగుతుంటే దోషి జావా యంత్రం కింద, సీ పొరలో ఉన్నట్టు.

ఇక్కడ ఒక అమాయకుణ్ని ముందే వదిలిపెట్టాలి. లైనక్స్‌లో సాధారణంగా ఉండే జీలిబ్‌సీ మెమరీ పంపిణీదారు, థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డు రాకుండా అరీనాలనే వేర్వేరు గదులు తెరుస్తుంది. 64 బిట్ల యంత్రంలో కోర్ల సంఖ్యకు 8 రెట్ల దాకా తెరవగలదు. మీకు 4 కోర్లు కాబట్టి 32 గదులు. ఒక్కోటి 64 ఎంబీ చొప్పున చిరునామాలను అట్టిపెట్టుకుంటుంది. వాడి వదిలేసిన ముక్కలు ఆ గదుల్లో అక్కడక్కడా మిగిలిపోయి ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి వెళ్లవు. చూసేవారికి లీక్‌లాగే ఉంటుంది, నిజానికి అది చెదిరిపోయిన ఖాళీ. పీమ్యాప్ ఆదేశంతో చూస్తే 65,536 కేబీ చొప్పున వరుసగా ముక్కలు కనిపిస్తాయి. పరీక్ష తేలిక. మాలాక్ అరీనా మ్యాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 2కు కుదించి నాలుగు రోజులు నడపండి. గ్రాఫ్ ఒక ఎత్తుకు చేరి చదునైపోతే అది లీక్ కాదు, ఆ అమరికనే ఉంచుకోండి. ఎక్కుతూనే ఉంటే నిజంగా ఎవరో తీసుకుని తిరిగి ఇవ్వడం లేదు.

అది ఎవరై ఉండవచ్చో ఇప్పుడు నా అనుమానం చెబుతాను. మీ కేంద్రాలు నివేదికలను కుదించి పంపుతున్నాయి. వాటిని విప్పడానికి జావా, డేటాను వచ్చినకొద్దీ చదివే జీజిప్ స్ట్రీమ్‌ను వాడుతుంది. దాని లోపల ఇన్‌ఫ్లేటర్ అనే వస్తువు ఉంటుంది. హీప్‌లో దాని పరిమాణం కొన్ని పదుల బైట్లే. కానీ దాని వెనుక, సీలో రాసిన జెడ్‌లిబ్ లైబ్రరీ హీప్ బయట సుమారు 40 కేబీ తీసుకుని కూర్చుంటుంది: ఇటీవలి డేటాను గుర్తుంచుకునే 32 కేబీ కిటికీ, దానిపైన 7 కేబీ చిల్లర. కుదించే దిశలో వాడే డిఫ్లేటర్ అయితే ఒక్కోటి దాదాపు 256 కేబీ. స్ట్రీమ్‌ను మీరు మూస్తే ఈ మెమరీ వెంటనే వెనక్కి వెళుతుంది. మూయకపోతే, గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడో వచ్చి ఆ చిన్న జావా వస్తువును ఏరే దాకా ఆగాలి. అది ఎప్పుడు వస్తుంది? హీప్‌లో చోటు తగ్గినప్పుడు. మీ హీప్ 2 జీబీలో 600 ఎంబీ దగ్గర హాయిగా ఉంది. ముఖ్యంగా పాత వస్తువులు చేరే భాగం వైపు వెళ్లాల్సిన అవసరమే దానికి కనిపించదు. హీప్ బయట ఎంత పేరుకుందో దానికి తెలియదు.

ఇప్పుడు మీ చివరి వాక్యాల దగ్గరికి వద్దాం. కేంద్రాలు మూసి ఉన్నా రాత్రి గ్రాఫ్ ఎక్కుతోందన్నారు. అంటే పెరుగుదలకు కారణం మామూలు రద్దీ కాదు. రాత్రంతా నిద్రపోనిది మీరు చెప్పిన ఆ తిరిగి పంపే యంత్రం ఒక్కటే. 15 సెకన్లకోసారి అంటే నిమిషానికి 4, రోజుకు 5,760, నాలుగు రోజులకు 23,040. ఒక్కోసారికి 40 కేబీ చొప్పున వేస్తే దాదాపు 900 ఎంబీ. మనకు లెక్క తేలనిది 800కు పైనే. ఇంత చక్కగా కుదిరిందని నమ్మేయకండి. లెక్కలు కుదరడం అనుమానానికి బలమే గానీ రుజువు కాదు. మధ్యమధ్యలో గార్బేజ్ కలెక్టర్ కొన్నిటిని ఏరే ఉంటుంది, ఒకటికి మించి యంత్రాలు తిరిగి పంపుతూ ఉండవచ్చు. కానీ నేనైతే మొదట ఇక్కడే తవ్వుతాను.

తెగిపోయిన దారుల్లోనే ఇలాంటివి దాక్కుంటాయి. సక్రమంగా నడిచే దారిని రోజూ వేలమంది పరీక్షిస్తారు, తప్పు జరిగిన దారిలో ఎవరూ నడవరు. 2012 అక్టోబరు 22న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్ డిస్కు సేవలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. ఆ సంస్థే వెల్లడించిన కారణం చూస్తే మీ ఉత్తరం చదివినట్టే ఉంటుంది. సమాచారం సేకరించే ఒక సర్వర్ పాడైతే దాన్ని మార్చారు. కొత్త చిరునామా, పేర్లకు చిరునామాలు చెప్పే అంతర్గత నేమ్ సర్వర్లన్నిటికీ చేరలేదు. చేరనిచోట డిస్కు సర్వర్లలోని చిన్న ఏజెంట్ ప్రోగ్రామ్ పాత చిరునామాకే మళ్లీ మళ్లీ ప్రయత్నించింది. ఆ విఫల ప్రయత్నాల దారిలో అప్పటిదాకా బయటపడని మెమరీ లీక్ ఒకటి ఉంది. ఆ సర్వర్లు ఖాళీగా ఉన్న మెమరీనంతా ఎలాగూ వాడుకుంటాయి కాబట్టి హెచ్చరిక గంటలు కూడా మోగలేదు.

రుజువు ఇలా తీయండి. మీరు హీప్ డంప్‌లో పరిమాణం చూశారు, ఇప్పుడు లెక్క చూడాలి. ఇన్‌ఫ్లేటర్, డిఫ్లేటర్ వస్తువులు ఎన్ని ఉన్నాయి? ఇందులో ఒక ఉచ్చు ఉంది, మీరు ఇప్పటికే అందులో పడి ఉండవచ్చు. మ్యాట్ సాధనం డంప్‌ను తెరిచేటప్పుడే, ఎవరూ పట్టుకోని వస్తువులను మామూలుగా పక్కకు తీసేస్తుంది. మూయకుండా వదిలేసిన ఇన్‌ఫ్లేటర్లు సరిగ్గా ఆ కోవలోనివే. వాటిని కూడా ఉంచమనే అమరిక అందులోనే ఉంది, దాన్ని ఎంచుకుని మళ్లీ తెరవండి. సర్వర్ మీదే చూడాలంటే, ఏ క్లాసు వస్తువులు ఎన్ని ఉన్నాయో జాబితా ఇచ్చే జేమ్యాప్ హిస్టోగ్రామ్‌ను 'లైవ్' అనే పదం లేకుండా ముందు ఒకసారి, ఆ పదంతో తర్వాత ఒకసారి తీయండి. ఈ వరుస మార్చకండి. 'లైవ్' అంటే ముందు పూర్తి శుభ్రత చేయించమని అర్థం, సాక్ష్యం దానితోనే పోతుంది. మొదటి జాబితాలో వేలల్లో ఉండి రెండోదాంట్లో పదుల్లోకి పడిపోతే ఎవరో స్ట్రీమ్‌లు మూయకుండా వదిలేస్తున్నారు. రెండింటిలోనూ వేలల్లో ఉంటే ఎవరో వాటిని పట్టుకునే ఉన్నారు. అప్పుడు ఒక ఇన్‌ఫ్లేటర్‌ను ఎంచుకుని అది ఎవరి చేతిలో ఉందో మ్యాట్‌లో వేరు దాకా వెళ్లి చూడండి. బహుశా సగం అందిన నివేదికల కోసం ఉంచిన జాబితా ఏదో తగులుతుంది.

రెండు జాబితాల్లోనూ వందలకు మించకపోతే నా అనుమానం తప్పు. అప్పుడు జేమాలాక్ అనే మెమరీ పంపిణీదారును పెట్టి, దాని ప్రొఫైలింగ్ ఆన్ చేసి నడపండి. తీసుకున్న మెమరీలో నమూనాలు పట్టి, ఏ సీ ఫంక్షన్ కోరిందో దాని వెనుక వరుసతో సహా రాస్తుంది. జావా ఫంక్షన్ల పేర్లు అందులో సరిగా రావు గానీ అడుగున ఏ లైబ్రరీ ఉందో తెలుస్తుంది, దారి పట్టడానికి అది చాలు.

డంపుల విషయంలో ఒక జాగ్రత్త. డంప్ తీస్తున్నంతసేపూ సర్వర్ మొత్తం బిగుసుకుపోతుంది, కాబట్టి రాత్రి వేళే తీయండి. ఆ ఫైలులో రోగుల పేర్లు, ఫోను నంబర్లు, పరీక్ష ఫలితాలు యథాతథంగా ఉంటాయి. దాన్ని మీ లాప్‌టాప్‌లోకి దింపుకోవడం, సాయం కోసం ఎవరికో మెయిల్ చేయడం చేయకండి. ఆఫీసు యంత్రం మీదే తెరిచి, పని అయ్యాక చెరిపేయండి. నాకు కూడా డంప్ పంపవద్దు, అంకెలు చాలు.

దోషం నేను అనుకున్నదే అయితే సవరణ సగం రోజు పని. స్ట్రీమ్ తెరిచిన ప్రతిచోటా దాన్ని ట్రై బ్లాక్ తలలోనే ప్రకటించండి. దారి మధ్యలో తెగినా జావాయే మూస్తుంది. అయినా ఒక సందు మిగిలిపోతుంది. వచ్చిన ఫైలు ఖాళీదైనా, మొదటి బైట్లే చెడిపోయినా జీజిప్ స్ట్రీమ్‌ను తయారుచేసే కన్‌స్ట్రక్టర్ మధ్యలోనే విఫలమవుతుంది. లోపల ఇన్‌ఫ్లేటర్ అప్పటికే పుట్టి ఉంటుంది, మూయడానికి స్ట్రీమ్ మాత్రం మీ చేతికి రాదు. తెగిన కనెక్షన్ల వెంట ఖాళీ ఫైళ్లు వస్తూనే ఉంటాయి కాబట్టి మీకిది అరుదైన విషయం కాదు. స్ట్రీమ్ తయారుచేసే ముందే మొదటి రెండు బైట్లు చూడండి. జీజిప్ ఫైలు ఏదైనా 31, 139 అనే బైట్లతోనే మొదలవుతుంది. అలా లేకపోతే అక్కడే తిప్పి పంపండి.

సరిచేశాక "ఐదు రోజులు నిలిచింది" అనేదాన్ని రుజువుగా తీసుకోకండి, ఆ వారం ఇంటర్నెట్ బాగుండి ఉండవచ్చు. పరీక్ష యంత్రం మీదికి సగంలో తెగిన నివేదికను 1,009 సార్లు, ఖాళీ ఫైలును ఇంకో 1,009 సార్లు పంపండి. ఇన్‌ఫ్లేటర్ల లెక్క ముందూ వెనకా ఒకేలా ఉండాలి.

ఇక రీస్టార్ట్‌కు ముందు నడవాల్సిన స్క్రిప్టు. కెర్నల్ లాగ్ చివరి భాగం, ప్రాసెస్ ఆర్‌ఎస్‌ఎస్, నేటివ్ మెమరీ ట్రాకింగ్ తేడా, పీమ్యాప్, 'లైవ్' లేని హిస్టోగ్రామ్: ఈ అయిదింటినీ ఆ రోజు తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ తర్వాతే సర్వర్‌ను ఆపాలి. ఈ ఫైళ్లకు చోటు పెద్దగా పట్టదు. మీ సీనియర్ గారికి ఇది చూపించండి. ఆయన కోరిన రీస్టార్ట్ ఆయనకు దొరుకుతుంది, మీకు కావలసిన ఆధారం మీకు మిగులుతుంది.

చివరిగా ఒకటి, నిజానికి దీన్నే ముందు చేయండి. తెగిన నివేదిక ఇన్ని వేలసార్లు వచ్చినా మీ లాగ్‌లో ఒక్క తప్పూ లేదంటే, ఆ కోడ్‌లో ఎక్కడో ఎవరో తప్పును పట్టుకుని నోరు నొక్కేశారు. ఆ క్యాచ్ బ్లాక్ వెతికి, అక్కడ నివేదిక సంఖ్యను, కేంద్రం పేరును లాగ్‌లో రాయించండి. రాత్రి వేళ పదే పదే వచ్చే సంఖ్య మీకు గంటలోపే కనిపిస్తుంది. అది కనిపించగానే మెమరీ సంగతి పక్కనపెట్టి ఆ కేంద్రానికి ఫోను చేయండి. ఆ నివేదిక ఎవరిదో, వారికి ఫలితం ఇంకా అందలేదు.